నల్లమల పాత రైలు కట్ట మీద నడవనివ్వండి

నల్లమలలోని పాత మీటర్‌గేజి దారితో సంబంధమున్న రైల్వే, అటవీ, పురావస్తు శాఖల అధికారులకు,

నమస్కారం.

గుంటూరు–గుంతకల్లు లైను డబ్లింగ్ గురించి పేపర్లో వార్త వస్తే మా ఊళ్లలో సంతోషపడేవాళ్లే ఎక్కువ. మేమూ ఆ లెక్కలోనే ఉన్నాం. సింగిల్ లైను మీద క్రాసింగ్ కోసం ఏదో ఒక చిన్న స్టేషన్లో పడిగాపులు పడ్డ ప్రతి ఒక్కరికీ రెండో లైను విలువ తెలుసు. కాబట్టి పనులు ఆపమని రాస్తున్న లేఖ కాదిది. ఇప్పుడున్న లైనుకు ముందు అవే కొండల్లో ఇంకో లైను ఉండేది. అందులో మిగిలిన దాని మీద ఎవరి కన్నూ లేదు. కన్ను లేని చోట చెయ్యి ఎవరిదైనా పడొచ్చు. మా భయం అది.

మేము కర్నూలు, డోన్, నంద్యాల వైపు సెలవు రోజుల్లో పాత రైలు కట్టలు వెతుక్కుంటూ నడిచే కొందరం. మాలో రిటైరైన టీచర్లున్నారు, మెడికల్ షాపు నడిపే ఆయన ఉన్నాడు, ఇంజనీరింగ్ చదివే పిల్లలున్నారు. సంఘమూ లేదు, రిజిస్ట్రేషనూ లేదు.

గాజులపల్లె దాటితే రైలు నల్లమలలోకి దూరుతుంది. అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో కిటికీ పక్కన కూర్చుంటే సొరంగంలో చీకటి పడుతుంది, మళ్లీ వెలుతురొస్తుంది, కాసేపటికి దిగువమెట్ట, ఆ వెనక గిద్దలూరు వచ్చేస్తాయి. ఇది 1990ల్లో మీటర్‌గేజిని బ్రాడ్‌గేజిగా మార్చినప్పుడు వేసిన దారి. మిగతా చాలాచోట్ల పాత కట్టనే వెడల్పు చేసి పెద్ద పట్టాలు పరిచారు గానీ, ఈ కొండ భాగంలో దారినే మార్చారు. పాత దారి చెలమ, బొగద ప్రాంతంలో కొండను చుట్టుకుంటూ, వంపు మీద వంపు తిరుగుతూ, దొరబావి లోయను ఎత్తైన వంతెన మీద దాటుతూ పోయేది. ఆ వంతెన పట్టాలూ దూలాలూ పోయాయి, స్తంభాలు నిలబడి ఉన్నాయి. కట్టలు, తూములు, కొండను తొలిచిన కటింగులు చెట్లలో కలిసిపోతున్నాయి.

ఈ దారి పుట్టిన కాలం మంచి కాలం కాదు. 1876–78 కరువును మా సీమలో ధాత కరువు అంటారు. తిండి లేక జనం రాలిపోయారు. ఇంకో చోట ధాన్యం ఉన్నా ఎద్దుల బండ్ల మీద వేళకు చేరే దారి లేకపోయింది, ఎద్దులకే మేత లేదు. కరువు ప్రాంతాలకు రైళ్లు వేయాలని 1880 నాటి కరువు కమిషన్ గట్టిగా చెప్పాక దత్త మండలాల్లో లైన్ల పని జోరందుకుంది. బళ్లారి–కృష్ణా స్టేట్ రైల్వే అనే పేరుతో గుంతకల్లు నుంచి తూర్పుకు లైను కదిలింది. 1890 నాటికి గోవాలోని మార్మగోవా రేవు నుంచి కృష్ణ ఒడ్డు దాకా మీటర్‌గేజి పట్టాలు కలిశాయి. గుంతకల్లుకూ కృష్ణకూ మధ్య అడ్డం నిలబడ్డ కొండ నల్లమల. దాన్ని యంత్రాలతో కాదు, గడ్డపారలతో, సమ్మెటలతో, మందుగుండుతో దాటారు. ఆ తర్వాత బోర్డుల మీద పేర్లు మారుతూ వచ్చాయి: సదరన్ మరాఠా, 1908లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా, 1951లో దక్షిణ రైల్వే, ఆ వెనక దక్షిణ మధ్య రైల్వే. నూరేళ్లు దాటినా పట్టాల మధ్య ఎడం మాత్రం ఒక్క మీటరే.

కర్నూలు వాళ్లకు మీటర్‌గేజి అంటే ఇంకో లెక్క కూడా ఉంది. 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఊరికి బ్రాడ్‌గేజి లేదు. మంత్రులైనా, ఫైళ్లు పట్టుకొచ్చిన గుమాస్తాలైనా రైలెక్కితే వాళ్లు దిగింది చిన్న బండి మీంచే. ఈ సంగతి చెబితే ఇంజనీరింగ్ పిల్లలు నమ్మరు.

ఇక నడక సంగతి. పాత రైలు కట్టను గుర్తుపట్టడం తెలిస్తే ఎక్కడైనా కనిపిస్తుంది. బండ్ల బాట కొండతో పాటు ఎక్కుతుంది, కొండతో పాటు దిగుతుంది. రైలు దారి అలా చేయదు. వందడుగులకు ఒక అడుగు మించి ఎక్కాల్సి వస్తేనే ఇంజనుకు గగనం. అందుకని పల్లం వస్తే కట్ట పోస్తుంది, మిట్ట వస్తే కోసుకుని పోతుంది. చిల్లకంప, సర్కారు తుమ్మ ఎంత కమ్ముకున్నా కాళ్లకు తెలిసిపోతుంది: చుట్టూ నేల ఎగుడుదిగుడుగా ఉన్నా నడిచేవాడికి ఆయాసం రాదు. అరికాలి కింద గులకరాళ్లు కావు, సమంగా పగలగొట్టిన కంకర తగులుతుంది. వంపు మొదలయ్యే చోట కట్ట ఒకవైపు కొంచెం లేచి ఉంటుంది.

కటింగులోకి దిగితే ఇంకా బాగుంటుంది. రాతి గోడ మీద నిలువుగా, సగం చీల్చిన గొట్టాల్లా గాళ్లు కనిపిస్తాయి. అవి మందుగుండు కూరడానికి కొట్టిన బెజ్జాల్లో మిగిలిన సగాలు. రెండో సగం రాయితో పాటు ఎగిరిపోయింది. వేలు పెట్టి పైనుంచి కిందికి జరిపితే ప్రతి దెబ్బకూ ఒక మెట్టు తగులుతుంది. ఒకడు ఉలి పట్టుకుని తిప్పుతుంటే ఇంకొకడు సమ్మెటతో కొట్టాడు, ఒక్కో దెబ్బకు బెజ్జం కొద్దికొద్దిగా దిగింది. మద్రాసు రాజ్యంలో రైలు కట్టల మట్టిపని, రాతిపని ఎక్కువగా వడ్డెరల చేతుల మీదుగా సాగిందని అందరికీ తెలిసిందే. కంపెనీ పేరు ప్రతి పుస్తకంలో ఉంటుంది. చేసినవాళ్ల సంతకమంటూ ఉంటే ఈ బెజ్జాలే.

తూముల దగ్గర మేము ఎక్కువసేపు ఆగుతాం. పెద్ద వంతెనల ఫొటోలు అందరూ తీస్తారు. కట్ట కింద నుంచి వాన నీళ్లు పోవడానికి కట్టిన చిన్న రాతి తూమును ఎవరూ చూడరు. గాడి కలిసేలా చెక్కిన రాళ్లు, మధ్యలో సున్నం, పైన కమాను. ఇప్పుడు మీద బరువు లేదు, కింద వాగు మాత్రం ఇంకా దాని గుండానే పోతోంది. నిన్న మొన్న కట్టిన కల్వర్టులు రెండు వానలకు కుంగిపోవడం చూస్తున్నవాళ్లం కాబట్టి మాకు కొంచెం కుళ్లు కూడా.

ఇప్పటిదాకా మేము తిరిగిందంతా అడవి హద్దు బయట, వాడకంలో ఉన్న పట్టాలకు దూరంగా ఉన్న ముక్కల్లోనే. వంపులు సరిచేసిన చోట్ల వదిలేసిన కట్టలు అవి. అసలు దారి, అంటే కొండ మీది దారి, లోపలుంది. అక్కడికి వెళ్లాలంటే ఏం చేయాలో చెప్పే బోర్డు గానీ కాగితం గానీ ఎక్కడా లేదు. అయినా వెళ్లేవాళ్లు వెళ్తూనే ఉన్నారు. దొరబావి స్తంభాల దగ్గర తీసిన వీడియోలు యూట్యూబ్‌లో కోకొల్లలు. పైన డ్రోను, కింద సీసా పెంకులు. ఇంకొందరు దారి తెలియక వాడకంలో ఉన్న లైను వెంబడే నడుస్తున్నారు, సెల్‌ఫోన్ చెవికి పెట్టుకుని. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అది నేరం. చట్టం మాట అలా ఉంచి, కరెంటు ఇంజను వంపులో వస్తుంటే చప్పుడు దగ్గరికొచ్చేదాకా తెలియదు. అనుమతి అడిగేవాడికి దారి లేదు, అడగనివాడికి అడ్డు లేదు. ఈ పద్ధతి తిరగబడాలన్నదే మా కోరిక.

అటవీ శాఖ వారికి ప్రత్యేకంగా ఒక మాట. ఇది దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యమని మాకు తెలుసు. మా నడక సరదా కోసం పులి పక్కకు తప్పుకోవాలని మేము అనం. వన్యప్రాణి సంరక్షణ చట్టంలోనే అధ్యయనానికి, ఫొటోలకు, పర్యటనకు అనుమతి ఇచ్చే వీలు 28వ సెక్షన్‌లో ఉంది. పచ్చర్ల దగ్గర, బైర్లూటి దగ్గర మీ శాఖే జంగిల్ క్యాంపులు నడుపుతోంది. నంద్యాల–గిద్దలూరు ఘాట్ రోడ్డు మీద పోయే ప్రతి లారీ ఆ అడవిని మాకన్నా ఎక్కువ అదరగొడుతోంది. అలాంటప్పుడు పగటిపూట, నలుగురైదుగురు చొప్పున, చెంచు గైడు ముందు నడుస్తుండగా, పాత కట్ట మీద ఒక ముక్క వరకు నడవడం కష్టమైన పనేమీ కాదు. పులుల కోసం జులై నుంచి సెప్టెంబరు దాకా మూస్తున్నారు, మూయండి. అడుగుజాడలు కనిపించిన వారం మొత్తం రద్దు చేయండి. కొండలో ఏ ముక్క పనికిరాదో మీరే తేల్చండి, ఆ ముక్కను మేము అడగం. మిగతాది చెప్పండి చాలు.

గైడు విషయంలో మాత్రం మేము బేరమాడం. చెలమ చుట్టుపక్కల గూడేల్లో ఆ రైలు చూసిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. బండి ఎక్కడ మందగించేది, ఎక్కడ ఏనుగంత రాయి జారిపడితే గ్యాంగు మొత్తం పరుగెత్తేది, వాళ్ల నోటి వెంట వింటే తప్ప ఏ ఫైల్లోనూ దొరకదు. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో ఏజెన్సీ వచ్చి టికెట్లు అమ్ముకుని, చెంచువాళ్లకు మూటలు మోసే పని ఇచ్చేటట్టయితే, ఆ దారి అలా మూసే ఉంచండి.

ఇక రైల్వే వారితో. మీతో మాట్లాడాల్సింది ఎక్కువుంది.

పాత లైను ఊడబీకినప్పుడు వచ్చిన ఇనుమంతా వేలంలో పోలేదు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో కళ్లు తెరుచుకుని తిరిగితే తెలుస్తుంది: పట్టా ముక్క కొట్టం దూలమైంది, ఇనుప స్లీపరు దొడ్డి గుంజ అయింది, చెక్క స్లీపరు గడప అయింది. పట్టా ముక్కను చెట్టుకు వేలాడదీసి బడి గంటగా కొట్టడం మా జిల్లాలో చదివినవాళ్లెవరికీ కొత్త కాదు. పాత పట్టాల నడుము మీద తయారుచేసిన కంపెనీ పేరు, సంవత్సరం ఉబ్బెత్తు అక్షరాలతో ఉంటాయి. తుప్పు మీద సుద్దముక్క అడ్డంగా రుద్దితే అక్షరాలు పైకి తేలతాయి. లైను చరిత్ర రాయాలనుకునేవాడికి అంతకన్నా రుజువేం కావాలి?

కానీ ఎవరూ చూపించరు. ఫోన్ తీసి ఫొటో అనగానే తువ్వాలు కప్పేస్తారు, లేదా మాట మారుస్తారు. కారణం 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం. రైల్వేది అనిపించే వస్తువు ఇంట్లో ఉంటే, అదెలా వచ్చిందో చెప్పలేకపోతే అయిదేళ్ల దాకా జైలు. ఆ కొట్టం కట్టిన తాత పోయాడు. వేలంలో కొన్నవాడి దగ్గర మళ్లీ కొన్నాడా, ఊరికే తెచ్చుకున్నాడా, రసీదు ఎక్కడుంది? మనవడికి టెన్షన్. ఇంటికి ఎవరైనా ప్యాంటు చొక్కా వేసుకుని వస్తే ఆర్పీఎఫ్, అంటే రైల్వే రక్షణ దళం, అనుకుంటాడు. ఈ భయంతో కొందరు ఆ ముక్కలను పాత సామాన్ల బండికి వేసేస్తున్నారు, కేజీ లెక్కన. అంటే దొంగతనాన్ని ఆపడానికి చేసిన చట్టమే ఇక్కడ సాక్ష్యాన్ని కరిగించేస్తోంది.

చట్టం మార్చమని మేము అడగడం లేదు. గేజి మార్పిడికి ముందు నుంచీ ఇళ్లలో, బళ్లలో, గుళ్లలో వాడకంలో ఉన్న పాత ముక్కల ఫొటో తీసి, కొలత రాసుకునే పనికి ఎవరి మీదా కేసు పెట్టబోమని ఒక్క ఉత్తర్వు, తెలుగులో, పంచాయతీ ఆఫీసు గోడ మీద అంటించండి. వస్తువు వాళ్ల ఇంట్లోనే ఉండనివ్వండి. దూలం పీక్కెళ్లి మ్యూజియంలో పెడితే కొట్టం కూలుతుంది.

రెండోది మ్యాపు. పాత లైనుకు ల్యాండ్ ప్లాన్లు, ఎత్తుపల్లాల గీతలు, ఏ వంతెన ఎన్నో మైలు దగ్గరుందో చెప్పే రిజిస్టర్లు రైల్వేలో ఉంటాయి, లేకుండా లైను నడవదు. వాటి నకళ్లు బయట పెట్టండి. ఇవి యుద్ధ రహస్యాలు కావు, ఆ లైను మీద బండే లేదు. మ్యాపు చేతిలో ఉంటే ఏ భూమి రైల్వేకే ఉండిపోయింది, ఏది అడవికి పోయింది, ఏది పక్క రైతు దున్నుకుంటున్నాడు అన్నది తేలిపోతుంది. రైతును ఖాళీ చేయించాలన్న ఉద్దేశం మాకు లేదని కూడా ఇక్కడే చెప్పేస్తున్నాం. కట్ట మీద కందులు వేసుకుంటే వేసుకోనీ, తూము పగలగొట్టకుండా ఉంటే చాలు.

మ్యాపు తొందరగా ఎందుకంటే, డబ్లింగ్. కొత్త కట్టకు మట్టి కావాలి, కంకర కావాలి. పాత కట్ట చేతికందే దూరంలో, అడిగేవాడు లేకుండా ఉంటుంది. పొక్లెయిన్ డ్రైవరుకు అది మట్టిదిబ్బ. చెక్కిన రాయి అయినా అతనికి రాయే. అతన్ని అనుకుని లాభం లేదు, అతనికిచ్చిన డ్రాయింగులో అక్కడ ఏమీ లేదని ఉంటుంది. డ్రాయింగులో పాత తూము ఉంటే ఆ బకెట్ రెండడుగులు పక్కన పడుతుంది. కాంట్రాక్టు షరతుల్లో ఒక వాక్యం చేరిస్తే సరిపోయే పని, అయిపోయాక కోట్లు పెట్టినా తిరిగిరాదు.

పురావస్తు శాఖ వారిని ఎందుకు కలిపామంటే, నూరేళ్లు దాటిన కట్టడాన్ని ప్రాచీన కట్టడంగా చూసే చట్టం 1958 నుంచీ ఉంది. ఆ లెక్కన పాత బొగద (సొరంగం), దొరబావి స్తంభాలు, రాతి తూములు అన్నీ అర్హత దాటి చాలా కాలమైంది. డార్జిలింగ్, నీలగిరి, కాల్కా–సిమ్లా కొండ రైళ్లకు యునెస్కో గుర్తింపు వచ్చింది. అవి నడుస్తున్న రైళ్లు, మాది ఆగిపోయింది, ఆ వరసలో కూర్చోబెట్టమని అడగం. స్పెయిన్‌లో 1993 నుంచి మూతపడ్డ రైలు దారులను నడకకూ సైకిళ్లకూ మార్చుకుంటూ వస్తున్నారు, ఇప్పటికి వేల కిలోమీటర్లయింది. మేము అడిగేది అందులో ఒక పిసరు.

ఒక విన్నపం మాత్రం ముగ్గురికీ కలిపి. బాగుచేయకండి. సీరియస్‌గానే అంటున్నాం. మన దగ్గర పాత కట్టడం మీద దయ పుడితే ముందు దాని మీద సిమెంటు పడుతుంది, తర్వాత పసుపు రంగు, ఆ తర్వాత ప్రారంభించిన వారి పేర్లతో అంతకన్నా పెద్ద శిలాఫలకం. దొరబావి దగ్గర గాజు వంతెన వద్దు. బొగదలో రంగు లైట్లు వద్దు. గబ్బిలాలు అందులో హాయిగా ఉన్నాయి. ఐ లవ్ నల్లమల అనే అక్షరాలు ఎక్కడా పెట్టకండి. స్తంభాల చుట్టూ ఎక్కకుండా కంచె వేయాలి, అది తప్పదు. ఎందుకంటే ఎక్కుతున్నారు. బొగద పైకప్పు నిలబడుతుందో లేదో మీ ఇంజనీర్లు చూసి చెప్పాలి, అనుమానముంటే లోపలికి పంపకండి, మొగ దగ్గర నిలబడి చూస్తాం. గాజులపల్లె స్టేషన్లో ఒక బోర్డు: లైను ఎటు నుంచి ఎటు పోయింది, ఎవరిని అడగాలి, ఏ నెలల్లో మూసి ఉంటుంది. అంతకు మించి ఖర్చు పెట్టాలనిపిస్తే ఆ డబ్బు గైడ్ల జీతానికి పెట్టండి.

ఇంకొకటి, ఇది అనుమతులతో పనిలేనిది. మీటర్‌గేజి కాలంలో ఆ సెక్షన్లో పనిచేసిన గ్యాంగ్‌మన్లు, కీమన్లు, స్టేషన్ మాస్టర్లు, డ్రైవర్లు చాలామంది ఇప్పుడు డెబ్బై, ఎనభై దాటినవాళ్లు. గుంతకల్లు, డోన్, నంద్యాలలో ఉన్నారు. పెన్షన్ రికార్డుల్లో వాళ్ల అడ్రసులు మీ దగ్గరే ఉన్నాయి. మాకు ఇవ్వక్కర్లేదు. పెన్షన్ అదాలత్ పెట్టినప్పుడు ఒక మూల కుర్చీ, రికార్డర్ పెట్టుకోవడానికి మమ్మల్ని అనుమతించండి. ఇష్టమున్నవాళ్లు వచ్చి కూర్చుంటారు. వానాకాలంలో రాత్రి పెట్రోలింగ్ ఎలా చేసేవాళ్లు, చేతిలో ఏముండేది, ఎలుగుబంటి ఎదురైతే టపాసు పేల్చేవాళ్లా, లాంతరు ఊపేవాళ్లా, అవన్నీ అడగాలని మాకు ఉంది. డ్రైవరు పరుగెత్తే ఇంజను మీంచి బెత్తం రింగుతో టోకెన్ బంతి (ముందు స్టేషను దాకా పోవచ్చన్న గుర్తు) ఎలా అందుకునేవాడో చేతులు ఆడించి చూపించగలిగేవాళ్లు ఇంకొన్నాళ్లే ఉంటారు. కొలతలు తీయడానికి, రికార్డు చేసింది రాయడానికి, మ్యాపు మీద గుర్తులు పెట్టడానికి మనుషులను మేమిస్తాం. జీతాలు వద్దు. మంచినీళ్లు కూడా మేమే తెచ్చుకుంటాం, ఖాళీ సీసాలు తిరిగి తీసుకుపోతాం.

అక్టోబరులో అడవి మళ్లీ తెరిచాక మొదటి నడకకు, ఒక్క పగలు, దిగువమెట్ట వైపు నుంచైనా గాజులపల్లె వైపు నుంచైనా సరే, దరఖాస్తు రాసి పెట్టుకున్నాం. ఆధార్ నకళ్లు, ఫొటోలు, మా పూచీ మీద వస్తున్నామన్న పత్రం అన్నీ జతచేశాం. పైన ‘గారికి’ అన్న మాటకు ముందు జాగా మాత్రం ఖాళీగా ఉంది. అక్కడ రాయాల్సింది మీలో ఎవరి హోదానో తేల్చి చెబితే మర్నాడే తెచ్చి ఇస్తాం.

ఇట్లు,
పాత రైలు కట్టల మీద నడిచే కొందరు,
కర్నూలు